ఎన్ని ఉన్నాయి, ఎవరు చదివారు

బడి గ్రంథాలయం గురించి పైనుంచి వచ్చే ప్రశ్న తరాలు మారినా ఒక్కటే: పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? బడుల వివరాల కోసం ప్రభుత్వానికి ఏటా నింపి పంపే యూడైస్ ఫారంలోనూ అదే ఉంటుంది. గ్రంథాలయం ఉందా లేదా, పుస్తకాల సంఖ్య ఎంత, పేపర్లూ పత్రికలూ తెప్పిస్తున్నారా, పూర్తికాలం లైబ్రేరియన్ ఉన్నారా. ఆ గడులు నింపి, హెడ్మాస్టరు సారుతో సంతకం పెట్టించి పంపిస్తాం. ఆ పుస్తకాల్లో పోయిన ఏడు పిల్లల చేతికి వెళ్లినవి ఎన్నో, కొన్ననాటి నుంచి బీరువా గడప దాటనివి ఎన్నో అడిగే గడి ఆ ఫారంలో నాకు కనిపించలేదు. బొంతపల్లి పరిసరాల్లోని ఒక ప్రభుత్వ బడిలో నేను తెలుగు చెబుతాను. బీరువా తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. ఉన్న పుస్తకాల లెక్క, చదివిన పుస్తకాల లెక్క ఎక్కడ వేరుపడ్డాయో తెలుసుకోకుండా బడికి ఏం కొనాలో తేల్చలేమన్నది నా గట్టి నమ్మకం. అందుకే ఈ వెనకటి కథంతా తవ్వుకున్నాను.

ముందు ఊరి సంగతి. గండిమైసమ్మ చౌరస్తా దాటి నర్సాపూర్ రోడ్డు మీద వస్తుంటే గుమ్మడిదల దగ్గర బొంతపల్లి తగులుతుంది. ఊరికి పెద్ద పేరు భద్రకాళీ సమేత వీరభద్రస్వామి గుడి. రెండో పేరు ఫ్యాక్టరీలు. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, వాటి చుట్టూ లారీలు, హోటళ్లు, వరుసగా కట్టిన రేకుల గదులు. ఆ గదుల్లో ఒడిశా నుంచి, బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. తండ్రికి షిఫ్టు మారినప్పుడల్లా ఇంట్లో నిద్రవేళలు మారుతాయి. కాంట్రాక్టు అయిపోతే కుటుంబమే మారిపోతుంది. పిల్లలు మాత్రం ఇక్కడి సర్కారు బడికే వస్తారు. హాజరుపట్టీలో నరసింహ పక్కన బిజయ్ ఉంటాడు, సంతోష పక్కన పింకీ ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే.

ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి కావడం మా సంగారెడ్డి జిల్లాకు కొత్తేమీ కాదు. మా తాతది జోగిపేట వైపు. నిజాం కాలంలో ఆయన బడిలో నేర్చుకున్నది ఉర్దూ. ఇంట్లో తెలుగు, పొలంలో తెలుగు, జాతరలో తెలుగు. పలక పట్టుకుంటే మాత్రం అలీఫ్, బే. తెలుగు అక్షరాలు ఆయన పెద్దయ్యాక దిద్దుకున్నాడు. తెలంగాణలో గ్రంథాలయాలు పుట్టింది సరిగ్గా ఈ కొరత మీదే. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలైనవాళ్లు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. ఆ పేర్లలో గ్రంథాలయం కంటే ముందు భాష వినిపిస్తుంది. బడి ఇవ్వని భాషను ఇవ్వడానికి పుట్టిన ఇళ్లు అవి. 1930 మార్చిలో నిజాం రాజ్యపు మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది మా తాత నడిచి తిరిగిన జోగిపేటలోనే. పల్లెల్లో చదువు, ఖానగీ (ప్రైవేటు) బడులు, గ్రంథాలయాలు ఆ ఉద్యమానికి ప్రాణం. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మారు. పుస్తకం తమ దగ్గరికి వస్తుందా, తమ భాషలో వస్తుందా అన్నదే అప్పటి పాఠకుల ప్రశ్న. ఇవాళ మా బడిలో ఒడియా పిల్ల నిలబడ్డది నాడు మా తాత నిలబడ్డ చోటే. నేను బీరువా ముందు నిలబడ్డ ప్రతిసారీ ఇది గుర్తుంటుంది.

ప్రతాపరెడ్డిగారి దగ్గర ఇంకో పాఠం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకరు అంటే, ఆయన వాదించుకుంటూ కూర్చోలేదు. ఊళ్లకు రాసి, కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులు. లేరన్నచోట లెక్క తెచ్చి చూపించారు. ఎవరూ అడగని సమాచారాన్ని ఓపికగా పోగేస్తే ఎంత బలం వస్తుందో ఆ సంచిక చూస్తే అర్థమవుతుంది. బడి గ్రంథాలయానికి కావలసిందీ ఆ ఓపికే.

కోస్తాలో గ్రంథాలయోద్యమం 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘంగా నిలబడింది. ఆ సంఘం వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి అందరికీ తెలిసిందే. నాకు ఇక్కడ ఎక్కువ పని ఉన్నది మద్రాసులోని ఒక లెక్కల మాస్టారుతో. ఎస్.ఆర్. రంగనాథన్ ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెప్పేవారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథాలయాధికారి అయ్యారు. ఆ ఏడే లండన్ వెళ్లి, గ్రంథాలయశాస్త్రం చదివి, అక్కడ వందకు పైగా గ్రంథాలయాలు తిరిగి చూశారు. 1931లో వచ్చిన ఆయన అయిదు సూత్రాల పుస్తకం ఇవాళ ప్రపంచమంతా చదువుతుంది. పుస్తకాలున్నది వాడడానికి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చేయాలి, గ్రంథాలయం పెరిగే జీవి. లైబ్రరీ సైన్సు పరీక్షల్లో బట్టీపట్టే ఈ వాక్యాల్లో ప్రతిదీ కొలవదగినదే. మూడో సూత్రం చూడండి. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉండాలంటే, పాఠకుడు దొరకని పుస్తకమేదో ముందు తెలియాలి. తెలియాలంటే రాసిపెట్టాలి. లెక్కల మనిషి రాసిన సూత్రాలు కాబట్టే వాటికింద ఎప్పుడూ ఒక పట్టిక దాగి ఉంటుందని నాకనిపిస్తుంది. 1942లో ఆయన బడులు, కళాశాలల గ్రంథాలయాల మీదే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. ఆ పుస్తకం పేరు కూడా మా టీచర్ల శిక్షణల్లో వినిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

రంగనాథన్ పనిచేసిన ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న లక్ష్మణస్వామి మొదలియారే 1952–53లో సెకండరీ విద్యా కమిషన్‌కు అధ్యక్షులయ్యారు. ఆ నివేదికలో బడి గ్రంథాలయాల గురించి ఉన్న భాగం చదువుతుంటే ఒంటికి చురుకు తగులుతుంది. చాలా బడుల్లో గ్రంథాలయం అనదగింది లేదని, ఉన్న పుస్తకాలు పాతబడ్డవని, పిల్లల అభిరుచి చూడకుండా ఎంచినవని, ఏదో ఒక గదిలో రెండు మూడు అరల్లో పడి ఉన్నాయని, వాటిని చూసే మనిషి గుమాస్తానో పుస్తకాల మీద మనసులేని టీచరో అని ఏ మొహమాటం లేకుండా రాశారు. పిల్లలు తాము చదివిన పుస్తకాలను తేదీలవారీగా ఒక డైరీలో రాసుకోవాలని సూచించింది కూడా ఆ కమిషనే. చదివినదాన్ని లెక్కలోకి తెచ్చే మార్గం మన దేశంలో 1953 నాటికే కాగితం మీద ఉంది. అమల్లోకి వచ్చింది మాత్రం ఉన్నదాన్ని లెక్కపెట్టే మార్గం.

ఎందుకలా జరిగిందో బీరువా తాళాలు చేతికొచ్చిన టీచరు ఎవరైనా చెప్పగలరు. పుస్తకం బడికి రాగానే స్టాక్ రిజిస్టరులో ఎక్కుతుంది. వరుస సంఖ్య, తేదీ, పేరు, రచయిత, ధర. బెంచీ, కుర్చీ, గ్లోబు ఎలా ఎక్కుతాయో అలాగే. టీచరు బదిలీ అయితే చార్జి అప్పగించాలి. రిజిస్టరులో ఉన్నవన్నీ అరలో కనిపించాలి. కనిపించకపోతే సంజాయిషీ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద సారు నన్ను పక్కకు పిలిచి, “చూడమ్మా, పిల్లలకు ఇస్తే పుస్తకం పోతది, పోతే నీ జీతంలకెళ్లి కట్టాలె. లోపలుంటే ఎవ్వరేమనరు” అన్నారు. ఆయన పిల్లలంటే ఎంతో ప్రేమ ఉన్న మనిషి. భయం నియమం నుంచి వచ్చింది. నిజానికి నియమాలన్నీ అంత కఠినమైనవీ కావు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ తీసి చూస్తే, ఏడాదిలో ఇచ్చిన, చదవనిచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని స్పష్టంగా ఉంటుంది. అంటే పోయినవాటి లెక్కను వాడినవాటి లెక్కతో కలిపి చూడమన్నారు. ఇవ్వని బీరువాకు ఈ వెసులుబాటే వర్తించదు. బడి దాకా దిగివచ్చేసరికి ఆ వాక్యంలో రెండో సగం ఎక్కడో రాలిపోయింది; పోకూడదన్న సగమే మిగిలింది.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్లలు, పటాలు, ఆటవస్తువులు, వాటితోపాటు ఒక చిన్న గ్రంథాలయం. పుస్తకం ముఖమే ఎరగని ఎన్నో ఊళ్లకు మొదటి కథల పుస్తకం ఆ పథకం పంపిన పెట్టెల్లోనే వచ్చింది, ఆ పుణ్యం చిన్నది కాదు. ఆ పుస్తకాలను ఎంచింది మాత్రం బడికి చాలా దూరంలో. 1990ల నడుమ జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ)తోపాటు బడుల వివరాల డైస్ లెక్కలు వచ్చాయి, 2012–13లో అది యూడైస్ అయింది. దేశంలోని ప్రతి బడీ ఒక సంఖ్యగా కంప్యూటరులో కనిపించడం గొప్ప పనే; మరుగుదొడ్డి లేని బడి ఏదో, టీచరు లేని బడి ఏదో దాచడానికి వీల్లేకుండా పోయింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ పత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉన్న గ్రంథాలయం తప్పనిసరి అయింది. 2018 నుంచి సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి మన రాష్ట్రంలో 100 రోజుల చదువు ఉద్యమం ‘రీడ్’ నడిచింది. చట్టం ఉంది, గ్రాంటు ఉంది, పిలుపు ఉంది. ఏ పిల్లకు ఏ పుస్తకం అన్నది బడిలోనే తేలాలి, తేల్చడానికి ఏ పుస్తకం బయటికి వెళ్లిందో రాసిన కాగితం బడి దగ్గర ఉండాలి.

పెద్ద గ్రంథాలయాల్లో ఈ కాగితాన్ని చదివినవాళ్లకు కళ్లు తిరిగే సంగతులు తెలిశాయి. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం తన హిల్‌మన్ గ్రంథాలయం కోసం 1969లో కొన్న పుస్తకాలను ఏడేళ్లు గమనించింది. వాటిలో సుమారు 40 శాతం ఒక్కసారీ బయటికి వెళ్లలేదని 1979లో అలెన్ కెంట్ బృందం ప్రచురించింది. పండితులు కూర్చుని ఎంచిన పుస్తకాల గతి అది. టెక్సస్‌లో 1976లో జోసెఫ్ సీగల్ చిన్న గ్రంథాలయాల కోసం ‘క్రూ’ అనే పద్ధతి రాశారు. పుస్తకం ఎన్నేళ్లది, చివరిసారి ఎప్పుడు బయటికి వెళ్లింది, అందులోని మాట ఇవాళ నిజమేనా, చిరిగిందా, ఈ పాఠకులకు పనికొస్తుందా అని ఒక్కో పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుని అడగడమే ఆ పద్ధతి. డబ్బు అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. హైదరాబాదులోనే తయారైన న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరును 2008 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మా బడికి మాత్రం నూరు పేజీల నోటుబుక్కు, ఎర్రపెన్ను సరిపోయాయి.

తొమ్మిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక్కో పుస్తకం చివరి అట్ట తెరిచాం. అక్కడ అంటించిన డేట్ స్లిప్పే మా మొదటి ఆధారం. కొన్ని స్లిప్పులు ముద్రలతో నల్లబడి, రెండోది అంటించాల్సి వచ్చినవి. తెనాలి రామకృష్ణ కథలు, పాత చందమామ బైండు పుస్తకాలు, దయ్యాల కథలు, జంతువుల బొమ్మలున్నవి ఇందులో చేరాయి. మిగతా స్లిప్పుల్లో చాలావరకు అంటించిననాడు ఎంత తెల్లగా ఉన్నాయో అంతే తెల్లగా ఉన్నాయి. ఒకే పుస్తకం ప్రతులు అరంతా ఉన్నచోట మొదటి ప్రతి మీద కూడా ముద్ర లేదు. చిన్న అక్షరాల్లో, బొమ్మ లేకుండా, పెద్దలకోసం రాసిన జీవితచరిత్రలు ఎంత గొప్పవాళ్లవైనా ఆరో తరగతి పిల్ల తీసుకోదు. అదే మహానుభావుడి గురించి ముప్పై పేజీల బొమ్మల పుస్తకం ఉంటే తీసుకుంటుంది. వద్దనుకున్నది మనిషిని కాదని, అచ్చునని, స్లిప్పులు పక్కపక్కన పెడితే తెలిసింది.

రెండోది పుస్తకం వయసు. కథకు వయసు లేదు, సమాచారానికి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలని చెప్పే జనరల్ నాలెడ్జి పుస్తకం మా అరలో భద్రంగా ఉంది. 2014లో తెలంగాణ వచ్చింది, 2016 అక్టోబరులో మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లా వేరయింది, జిన్నారం మండలంలోని మా ఊరు గుమ్మడిదల మండలంలోకి వచ్చింది, 2019కి రాష్ట్రంలో జిల్లాలు 33 అయ్యాయి. ఆ పుస్తకం చదివిన పిల్లకు తన ఊరి చిరునామాయే తప్పుగా తెలుస్తుంది. ప్లూటోను తొమ్మిదో గ్రహంగా చెప్పే పుస్తకాలదీ అదే స్థితి. 2006లోనే దాన్ని గ్రహాల వరుసలోంచి తీసేశారు. ఇలాంటివాటిని విడిగా కట్టకట్టి, రద్దుకు జాబితా రాసి, తీర్మానం పెట్టించాం. అర సగం ఖాళీ అయింది. ఖాళీ అరను చూసి గ్రంథాలయం తగ్గిందనుకోకూడదు. ఎక్కడ కొనాలో చూపించేది ఆ ఖాళీయే.

విషయాల వారీగా లెక్కతీద్దామని డ్యూయీ సంఖ్యలు వేసి చూశాను. 1876లో మెల్విల్ డ్యూయీ చేసిన ఆ పద్ధతిలో విజ్ఞానమంతా పది భాగాలు. తెలుగు సాహిత్యానికి అందులో దక్కిన చోటు 894.827. మా బీరువాలో అధికభాగం తెలుగు కథలే కాబట్టి అవన్నీ ఆ ఒక్క సంఖ్య కిందే చేరాయి. ఏది ఎక్కువుందో ఏది తక్కువుందో ఏమీ తేలలేదు. బడికి పనికొచ్చిన విభజన వేరే. రూమ్ టు రీడ్ అనే సంస్థ వాళ్లు తమ గ్రంథాలయాల్లో పుస్తకాలను చదివే స్థాయిని బట్టి రంగులుగా వేరుచేస్తారు. మేమూ రంగు కాగితం చుక్కలు అంటించాం. పేజీకి ఒక వాక్యం ఉన్నవి, ఒక పేరా ఉన్నవి, అధ్యాయాలున్నవి. అప్పుడు కనిపించింది అసలు గొయ్యి. మా దగ్గర అధ్యాయాల పుస్తకాలు నిండా ఉన్నాయి, పేజీకి ఒక వాక్యం ఉన్నవి చేతివేళ్లకు మించి లేవు. ఆరో తరగతికి వచ్చి కూడా కూడబలుక్కుంటున్న పిల్లలకు ఆ బీరువాలో మెట్టే లేదు.

స్లిప్పు చెప్పనివీ ఉంటాయి. విరామంలో నిలబడి చదివి అరలో పెట్టేసిన పుస్తకానికి ముద్ర పడదు. అందుకని చదివినదాన్ని అరలో పెట్టకుండా కిటికీ పక్క బెంచీ మీద వదలమన్నాం. సాయంత్రం బెంచీ మీదున్నవాటికి నోటుబుక్కులో ఒక్కో గీత. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఒకరైతే, ఇక్కడే చదివేవాళ్లు వేరొకరని అప్పుడు తెలిసింది. రేకుల గదిలో నలుగురు పడుకునేచోట పుస్తకం పెట్టుకోవడానికి తావుండదు. ఆ పిల్లలంతా బెంచీ పాఠకులే. వాళ్ల చదువు పాత రిజిస్టరులో ఎన్నడూ ఎక్కలేదు.

తర్వాత పిల్లల్నే అడిగాం: ఇంట్లో ఏ భాష, ఇంట్లో చదవగలిగిన పెద్దవాళ్లున్నారా, ఏం కావాలి. ఒకమ్మాయి, “టీచర్, ఒడియాది ఒక్కటన్నా ఉందా? మా అమ్మకు వస్తది, చదివి చెప్తది” అంది. ఆ ఒక్క మాటతో మా కొనుగోలు జాబితా మారింది. హిందీ, ఒడియా పుస్తకాలు నేషనల్ బుక్ ట్రస్టు దగ్గర తక్కువ ధరల్లో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో ఒకే కథ తెలుగులో, ఒడియాలో, హిందీలో ఉంటుంది. ముద్రించుకోవడానికి అనుమతి కూడా ఉంది. ఒకే బొమ్మ కింద మూడు భాషల్లో మూడు ప్రతులు పెడితే, పక్కపక్క బెంచీల పిల్లలు ఒకే కథ మాట్లాడుకుంటారు.

ఈ ఏటి గ్రాంటుకు మేం రాసుకున్న వరుస ఇది. మొదట పేజీకి ఒక వాక్యం ఉన్న తెలుగు బొమ్మల పుస్తకాలు. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చవకగా ఉంటాయి. తర్వాత ఒడియా, హిందీ. ఆ పైన కొత్త అట్లాసు. మిగిలిన డబ్బుకు విజ్ఞానం, అందులోనూ మా చుట్టూ ఉన్న విజ్ఞానం. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద ప్రపంచానికి పని చేస్తుంది. మా పిల్లల తండ్రులు రోజూ రసాయనాల మధ్య పనిచేస్తారు. విత్తనం గురించి, ఆమ్లం గురించి, నీరు ఎలా పాడవుతుంది, ఎలా బాగవుతుంది అన్నదాని గురించి పదేళ్ల పిల్ల చదవగలిగే తెలుగు పుస్తకం మా అరలో ఒక్కటీ లేదు. దొరికినవి కొంటాం, దొరకనివి పిల్లలతోనే రాయించి కుట్టిస్తాం.

వచ్చే బదిలీల్లో తాళాలు ఇంకొకరి చేతికి వెళ్లవచ్చు. స్టాక్ రిజిస్టరుతోపాటు ఈ గీతల నోటుబుక్కును కూడా చార్జి అప్పగింత జాబితాలో ఎక్కించాలని హెడ్మాస్టరు సారును అడిగాను. ఒప్పుకున్నారు. దానికి ఒక వరుస సంఖ్య వేసి, ధర గడిలో నోటుబుక్కు ధర రాశాం.